వెంగళరావు పాలన - అడవి అంచు స్త్రీల లెక్క

ఈ వ్యాసం రాయబోతున్నానని చెప్పినప్పుడు ఒక మిత్రురాలు అడిగింది: "జలగం వెంగళరావు గురించి స్త్రీల పత్రికలో ఏం రాస్తావు? ఆయన స్త్రీలకి ప్రత్యేకంగా చేసిన మంచీ లేదు, చెడూ లేదు కదా?" ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక మనిషి నాలుగేళ్లకు పైగా రాష్ట్రాన్ని పాలిస్తాడు. భూమి చట్టం అమలు చేస్తాడు, పోలీసుల్ని పెంచుతాడు, అడవిని కంపెనీలకి కేటాయిస్తాడు. అందులో స్త్రీల ప్రసక్తే లేదని మనమే ఒప్పేసుకుంటాం. స్త్రీలకి సంబంధించినవి అంటే వరకట్నం, అత్యాచారం, ప్రసూతి ఆసుపత్రి మాత్రమేనా? పాలకుల జీవిత చరిత్రలు చదివేటప్పుడు మనం స్త్రీవాద కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తున్నామా? ఆ అనుమానంతోనే ఇది మొదలుపెట్టాను.

రెండో కారణం నా పని. పరిశోధన పేరుతో పదిహేనేళ్లుగా సత్తుపల్లి నుంచి దమ్మపేట, ములకలపల్లి మీదుగా పాల్వంచకీ, అక్కడినుంచి గోదావరి దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపుకీ తిరుగుతున్నాను. ఈ దారిలో ఒక కొస వెంగళరావు గారి రాజకీయ పుట్టిల్లు. రెండో కొస ఆయన పాలనని వీపు మీద మోసిన అడవి. మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే. సత్తుపల్లి వైపు పాత తరం వాళ్లని అడిగితే "గట్టి మనిషి, మాటంటే మాటే, ఆఫీసర్లు వణికేవాళ్లు" అంటారు. గోదావరి దాటాక ఆయన పేరు చెప్పేవాళ్లు తక్కువ. పేరు తెలియకపోవడం వేరు, పాలన తెలియకపోవడం వేరు.

ఆయన జీవితం గురించి క్లుప్తంగా. పద్మనాయక వెలమ భూస్వామ్య కుటుంబం. యువకుడిగా నిజాం వ్యతిరేక పోరాటంలో ఉన్నారు. 1962 నుంచి వేంసూరు నియోజకవర్గం ఎమ్మెల్యే. కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో హోం మంత్రి. 1973లో జై ఆంధ్ర ఉద్యమం, రాష్ట్రపతి పాలన, సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం. అవన్నీ అయ్యాక రెండు ప్రాంతాలకీ ఒప్పుదల అయిన మనిషిగా ఆ ఏడాది డిసెంబరు 10న ముఖ్యమంత్రి అయ్యారు. 1978 మార్చి 6 వరకు ఉన్నారు. కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరాగాంధీ వైపు కాక బ్రహ్మానందరెడ్డి వైపు నిలబడి అధికారం పోగొట్టుకున్నారు. మళ్లీ ఇందిర పార్టీలోకే వచ్చి 1984లో, 1989లో ఖమ్మం నుంచి లోక్‌సభకి గెలిచారు. రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో కేంద్ర పరిశ్రమల మంత్రిగా చేశారు. 1999లో కన్నుమూశారు. హైదరాబాదులో ఆయన పేరున ఒక కాలనీ, ఒక పార్కు ఉన్నాయి. ఆయన్ని పరిపాలనా దక్షుడనే వాళ్లంతా అబద్ధం చెబుతున్నారని నేననను. ఆరు సూత్రాల పథకం వల్లే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1976లో వరంగల్‌లో కాకతీయ, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మా తరంలో చాలామంది ఆడపిల్లలు వాటివల్లే డాక్టరేట్లు చేశాం. ఆ మాట దాచిపెట్టి రాయడం న్యాయం కాదు.

ఇక్కడొక చిన్న సంగతి. ఖమ్మం లోక్‌సభ స్థానం నుంచి 1962, 1967, 1971లో వరుసగా మూడుసార్లు గెలిచింది ఒక స్త్రీ - టి. లక్ష్మీకాంతమ్మ. 1977లో అక్కడినుంచి గెలిచింది ముఖ్యమంత్రి సోదరుడు జలగం కొండలరావు. 1980లోనూ ఆయనే. తర్వాత రెండుసార్లు స్వయంగా వెంగళరావు. 1991లో పోలీసు శాఖలో అత్యున్నత పదవి చేసి వచ్చిన పి.వి. రంగయ్యనాయుడు. మళ్లీ ఒక స్త్రీ ఆ స్థానం గెలవడానికి 1999 దాకా ఆగాల్సివచ్చింది. అసెంబ్లీ వైపు చూస్తే కొడుకులు ఎమ్మెల్యేలయ్యారు, ఒకరు మంత్రీ అయ్యారు. లక్ష్మీకాంతమ్మ గారిదీ కాంగ్రెస్ రాజకీయమే, ఆమె అడవి స్త్రీల ప్రతినిధి అని నేనేమీ అనడం లేదు. కాని ఒక జిల్లాలో రాజకీయాధికారం స్త్రీ చేతి నుంచి జారి ఒక కుటుంబంలో అన్నదమ్ములకీ కొడుకులకీ ఆస్తిలాగా ఎలా సంక్రమించిందో జిల్లా చరిత్రలు రాసినవాళ్లు ఒక్క వాక్యమైనా రాయలేదు. భూమి ఎలా సంక్రమిస్తుందో అధికారమూ అలాగే.

భూమి దగ్గరికే వద్దాం. 1969-70లో శ్రీకాకుళం ఏజెన్సీ మండుతోంది. హోం శాఖ వెంగళరావు చేతిలో ఉంది. ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగు పల్లెల్లో అందరి నోటా నానడం మొదలైంది ఆ రోజుల్లోనే. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఆ జాబితాలో చేరారు. అదే మంత్రివర్గం ఉండగానే, 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుల నుంచి గిరిజనేతరులకే కాదు, ఒక గిరిజనేతరుడి నుంచి మరో గిరిజనేతరుడికీ బదిలీ కాకూడదని, గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని భావించి విచారణ జరపాలని ఆ నిబంధన చెబుతుంది. మామూలు అసెంబ్లీ చట్టం కాదది, అయిదో షెడ్యూలు కింద గవర్నరు పేరున వచ్చిన రెగ్యులేషన్. దేశంలోనే ఇంత గట్టి రక్షణలు తక్కువ. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. ఒక చేత్తో తుపాకి, ఒక చేత్తో చట్టం. తుపాకి లేకుండా ఆ చట్టం వచ్చేదా, గిరిజనుల తిరుగుబాటు లేకుండా ఆ రెండూ వచ్చేవా అన్నది చరిత్రకారులు వాదించుకోవచ్చు. అడవికి మాత్రం తుపాకి వెంటనే చేరింది. చట్టం ఇప్పటికీ పూర్తిగా చేరలేదు.

చేరినంత మేర కూడా అది స్త్రీల మీద ఎలా పడిందో చూడండి. దీని గురించి మన పత్రికల్లో రావాల్సినంత రాలేదని నా ఫిర్యాదు. 1/70 వచ్చాక కోస్తా నుంచి, మైదానం నుంచి వచ్చిన గిరిజనేతర రైతుకి ఏజెన్సీలో తన పేరున భూమి కొనే దారి మూసుకుపోయింది. తెరుచుకున్న దొడ్డిదారి కోయ స్త్రీ. ఆమెని పెళ్లి చేసుకోవడం, లేదా పెళ్లి అని చెప్పుకోవడం. కొందరికి కింద ఊళ్లో మొదటి భార్య, పిల్లలు ఉంటారు. ఇక్కడ రికార్డులో ఈమె పేరు. పొగాకు, మిర్చి, పత్తి పంట డబ్బు అతని చేతిలో. పాసు పుస్తకం అతని పెట్టెలో. కేసు పడితే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టుకి మాత్రం ఈమె వెళ్లాలి, "ఈ భూమి నాదే" అని చెప్పాలి. నిజంగా ఆమెది అయితే ఆ మాట చెప్పడానికి ఆమెకి ఎవరూ నేర్పాల్సిన అవసరం ఉండదు. భద్రాచలంలో ఆ కోర్టు వరండాలో కూర్చుని ఉన్నప్పుడు ఒక నడివయసు స్త్రీ సర్వే నంబరు మళ్లీ మళ్లీ వల్లె వేసుకోవడం చూశాను. పక్కనే నిలబడ్డ మనిషి తప్పు దిద్దుతున్నాడు.

ఆ స్త్రీని మనం ఏమనాలి? బినామీ అంటే నేరంలో భాగస్వామి అయిపోతుంది. బాధితురాలు అంటే ఆమె తీసుకున్న నిర్ణయాలు, ఆమె పొందిన కాస్త భద్రత, తన పిల్లల కోసం ఆమె వేసుకున్న లెక్కలు అన్నీ మాయమవుతాయి. గిరిజన సంఘాల్లోని మగ నాయకులు ఇలాంటి పెళ్లిళ్ల గురించి మాట్లాడేటప్పుడు "మన ఆడవాళ్లు" అని మొదలుపెట్టి ఆమె శీలం దగ్గర ఆగుతారు. ఆ మగ రైతు మోసం దగ్గరికి రావడానికి చాలాసేపు పడుతుంది. 1978లో చేసిన సవరణతో ఈ నిబంధన ఉల్లంఘన శిక్షార్హమైన నేరం అయింది, ఏడాది దాకా జైలు పడొచ్చు. మరుసటి ఏడాదే, వెంగళరావు దిగిపోయి చెన్నారెడ్డి వచ్చాక, అయిదెకరాల మాగాణి, పదెకరాల మెట్ట లోపు ఉన్న గిరిజనేతరుల్ని ఖాళీ చేయించవద్దని 129 నంబరు జీవో వచ్చింది. అధికారం ఎవరి చేతికి మారినా మైదానం రైతు ఓటు ఎటు ఉందో అందరికీ తెలుసు. నోరులేని ఆ కోయ స్త్రీ పేరు మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోయింది.

మైదానంలో భూసంస్కరణల సంగతి చూద్దాం. 1973 నాటి భూపరిమితి చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అమలు చేసింది వెంగళరావు ప్రభుత్వమే. మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు ఒక కుటుంబానికి. కుటుంబం అంటే ఎవరు? భర్త, భార్య, మైనరు కొడుకులు, పెళ్లికాని మైనరు కూతుళ్లు. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న భూమి కూడా ఈ లెక్కలో కలుస్తుంది. మిగులు ఏది వదులుకోవాలో రాసి ఇచ్చేది మాత్రం సాధారణంగా భర్తే. అది చాలదన్నట్టు 1977లో 10వ చట్టంతో 4-ఎ సెక్షన్ చేర్చారు. మేజరైన కొడుకు ఉంటే, అతనికి పరిమితి మేరకు భూమి లేకపోతే, ఆ తక్కువైనంత భూమిని తండ్రి అదనంగా ఉంచుకోవచ్చు. ఇద్దరు కొడుకులుంటే ఇద్దరి వాటా. మేజరైన కూతురు ఉంటే? చట్టం దృష్టిలో ఆ పిల్ల లేదు. మైనరుగా ఉన్నప్పుడు కుటుంబంలో మనిషిగా లెక్కకొచ్చిన అమ్మాయి పద్దెనిమిదేళ్లు నిండగానే గాలిలో కలిసిపోతుంది. ఉత్తరప్రదేశ్ చట్టంలోని ఇలాంటి వివక్షే 1980లో సుప్రీంకోర్టు ముందుకి వెళితే, కోర్టు కొట్టెయ్యలేదు.

భూస్వాములకి ఇంత మేలు చేసిన సవరణ గురించి వామపక్షాలు చాలా రాశాయి. మిగులు భూమి తగ్గిపోయిందని, కూలీలకి అన్యాయం జరిగిందని. అది నిజమే. కాని ఆ మేలు కొడుకు అనే తలుపులోంచి జరిగిందని, భూస్వామి ప్రయోజనాన్ని కాపాడిన సాధనం పితృస్వామ్య కుటుంబమేనని వాళ్లు చూడలేదు. వెంగళరావు గారు స్త్రీలకి చేసిన మంచీ చెడూ లేదన్న నా మిత్రురాలికి నేను మొదట చూపించింది ఈ సెక్షనే. తర్వాత ఎన్.టి. రామారావు కాలంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చారు, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా. అప్పటికి చాలా ఇళ్లల్లో పంపకాలు పూర్తయ్యాయి, కొడుకుల పేర్లు కాగితాల మీదికి ఎక్కేశాయి. గిరిజన స్త్రీలకైతే హిందూ వారసత్వ చట్టమే వర్తించదు.

ఇక ఎమర్జెన్సీ. 1975 జులై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని కాల్చి చంపారు. నవంబరులో నీలం రామచంద్రయ్య, జంపాల చంద్రశేఖర ప్రసాద్. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరి తీశారు. గోదావరి లోయ పొడవునా ఇల్లెందు, గుండాల, చర్ల అడవుల్లో పోలీసు క్యాంపులు. ఎమర్జెన్సీ ఎత్తేశాక జయప్రకాశ్ నారాయణ వేసిన తార్కుండే కమిటీ వచ్చి, గిరాయిపల్లిలో జరిగింది ఎదురుకాల్పులు కాదని, పట్టుకుని చంపడమని తేల్చింది. తర్వాత వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ విచారణ, బహిరంగంగా జరగాలా రహస్యంగా జరగాలా అన్న దగ్గర చిక్కుకుని తుదికి చేరనేలేదు. ఇదంతా మన పాఠకులకి తెలిసిన చరిత్రే. పౌరహక్కుల ఉద్యమం ఎంతో శ్రమపడి దీన్ని రికార్డు చేసింది, వాళ్ల రుణం మనకి ఉంది.

అయినా ఆ రికార్డుని మళ్లీ చదవండి. చనిపోయినవాళ్లు లెక్కకొస్తారు. ఎవరు కాల్చారు, ఎప్పుడు కాల్చారు, ముందు రోజు ఎక్కడ పట్టుకున్నారు అన్నవి వస్తాయి. ఆ క్యాంపు పక్కన పల్లెలో ఆ రెండేళ్లూ బతికినవాళ్లు రారు. మగవాళ్లు అడవిలోకి పారిపోతే గొడ్లని ఎవరు కాచారు? పోడు ఎవరు కొట్టారు? క్యాంపుకి కోళ్లు, కట్టెలు, నీళ్లు ఎవరు మోశారు? మోయడానికి వెళ్లినప్పుడు ఏం జరిగింది? పంచాది నిర్మల అంతటి మనిషిని కూడా చాలాచోట్ల మొదట "కృష్ణమూర్తి భార్య"గా పరిచయం చేసి, ఆ తర్వాతే ఆమె చేసిన పని చెబుతారు. పేరున్న ఆమెకే అలా జరిగితే పేరు లేనివాళ్ల సంగతి ఏం చెప్పాలి?

దుమ్ముగూడెం వైపు ఒక పల్లెలో ఎనభై దాటిన ఒక కోయ అవ్వ ఉంది. ఊరి పేరు, ఆమె పేరు రాయను. వెంగళరావు తెలుసా అవ్వా అని అడిగితే ఎవరది అంది. ఇందిరమ్మ తెలుసు. పోలీసు క్యాంపు ఎక్కడుండేదని అడిగితే లేచి నిలబడి, చెయ్యి చాపి, ఇప్పుడు పత్తి చేను ఉన్న ఒక మిట్టని చూపించింది. ఎన్ని గుడారాలో చెప్పింది. నీళ్ల బావి ఏ పక్కదో చెప్పింది. మగాళ్లు లేని రోజుల్లో ఆడవాళ్లందరూ పిల్లల్ని తీసుకుని ఒకే ఇంట్లో పడుకునేవాళ్లని చెప్పింది. ఎందుకని అడిగాను. నా వైపు కాసేపు చూసి, "నువ్వు ఆడదానివి కాదా బిడ్డా?" అంది. ఆ తర్వాత నేనేమీ అడగలేదు. ఇప్పటికీ అనుకుంటాను, అడగాల్సింది. పరిశోధకురాలిగా అడగాల్సింది, ఆడదానిగా అడగలేకపోయాను. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లేసరికి ఆమెకి మాట సరిగా రావడం లేదు.

అవ్వకంటే ముందు తరం ఇంకో క్యాంపు చూసింది. 1949 తర్వాత సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం ఇల్లెందు, మానుకోట అడవుల్లోని కోయ పల్లెలని ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టింది. ఆ పోరాటంలోని స్త్రీల గొంతు మనకి వినిపించిందంటే అది 1986లో స్త్రీశక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' వల్ల. పోరాటం ముగిసిన ముప్పై ఏళ్ల తర్వాత, ఇంకా ఆ స్త్రీలు బతికుండగా, వెళ్లి కూర్చుని అడిగారు కాబట్టి ఆ పుస్తకం వచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేసి ఇప్పటికి యాభై ఏళ్లు కావస్తోంది. అడవి అంచు స్త్రీలతో అలాంటి పుస్తకం మనం ఎందుకు వెయ్యలేదు? భాష రాకనా? దూరమా? లేక వాళ్లని మన ఉద్యమంలో భాగంగా మనం అసలు చూడలేదా? నాకు మూడోదే నిజమనిపిస్తోంది. నేను కూడా అందులో ఉన్నాను.

హైదరాబాదులో స్త్రీల ఉద్యమం మాత్రం సరిగ్గా వెంగళరావు కాలంలోనే ఊపిరి పోసుకుంది. 1974లో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టి వరకట్నం, ధరలు, ఆడపిల్లల్ని ఏడిపించడం మీద వీధుల్లోకి వచ్చారు. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రపంచ తెలుగు మహాసభలు ఘనంగా జరిపింది, విరసం బహిష్కరించింది. జూన్‌లో ఎమర్జెన్సీ రాగానే ఆ మహిళా సంఘం కార్యకర్తలు కొందరు జైలుకి, కొందరు అజ్ఞాతంలోకి. వేదిక మీద తెలుగుతల్లికి హారతి, జైల్లో తెలుగు ఆడపిల్లలు. 1978 మార్చి 6న వెంగళరావు దిగిపోయారు. మూడు వారాలకే, మార్చి 29 రాత్రి, నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజా బీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకి చనిపోయాడు. జనం తిరగబడ్డారు, మళ్లీ కాల్పులు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరం అంది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి వెళ్లి 1981లో అందరూ విడుదలయ్యారు. అప్పటికి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి. కాబట్టి ఇది వెంగళరావు ఖాతాలో రాయకూడదని వాదించేవాళ్లు ఉన్నారు. తేదీల ప్రకారం సరే. కాని తొమ్మిదేళ్ల పాటు అడవిలో ఏం చేసినా అడిగేవాళ్లు లేరని నేర్చుకున్న పోలీసు శాఖ, ముఖ్యమంత్రి మారిన రోజున కొత్త శాఖ అయిపోతుందా? అడవిలో నేర్చుకున్నది పట్నంలో చేశారు. పట్నంలో జరిగింది కాబట్టి మనకి తెలిసింది.

ఈ నేర్పు ఇంకా ఎంత దూరం వచ్చిందో వాకపల్లి చెప్పింది. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో పదకొండు మంది కోదు స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అందర్నీ విడుదల చేసింది, దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వాలి. పదహారేళ్లు తిరిగిన ఆ స్త్రీలకి దీని అర్థం ఎవరు వివరిస్తారో నాకు తెలియదు.

ఇలాంటి పాలకులు మనకొక్కరికే ఉన్నారనుకోకూడదు. మెక్సికోలో గెరెరో అనే కొండల రాష్ట్రం ఉంది. 1974లో లూసియో కబాన్యాస్ అనే బడిపంతులు నడిపిన గెరిల్లా దళం రూబెన్ ఫిగెరోవా అనే రాజకీయ నాయకుణ్ణి ఎత్తుకుపోయింది. అతను విడుదలయ్యాడు, డిసెంబరులో కబాన్యాస్ చనిపోయాడు, 1975లో ఫిగెరోవా ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. సరిగ్గా మన ఎమర్జెన్సీ కాలం. ఆ కొండ పల్లెల్లో వందల మంది మాయమయ్యారు. తర్వాత ఇతని కొడుకూ అదే రాష్ట్రానికి గవర్నరయ్యాడు, 1995లో పోలీసులు 17 మంది రైతుల్ని చంపిన ఉదంతం తర్వాత 1996లో తప్పుకున్నాడు. పోలిక ఇక్కడితో ఆపితే అది మగవాళ్ల కథే. 1974లో సైన్యం చెక్‌పోస్టు దగ్గర మాయమైన రొసెందో రాదియ్యా కోసం అతని కూతురు దశాబ్దాల పాటు తిరిగింది. 2009లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు మెక్సికో ప్రభుత్వాన్ని దోషిగా నిలబెట్టింది. 2010లో అదే కోర్టు, 2002లో సైనికుల అత్యాచారానికి గురైన ఇద్దరు గెరెరో ఆదివాసీ స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది. దానితో అక్కడ అంతా బాగుపడిందని కాదు. మనకి అలాంటి పైకోర్టు లేదు. కాని ఆ కూతురు చేసిన మొదటి పని కోర్టుకి వెళ్లడం కాదు, ఊరూరా తిరిగి మిగిలిన కుటుంబాల మాటలు కూడగట్టడం.

అభివృద్ధి గురించి ఒక్క మాట, ఎందుకంటే సత్తుపల్లి వైపు ఈ వ్యాసం చదివేవాళ్లు మొదట అడిగేది అదే. 1975లో అటవీ అభివృద్ధి సంస్థ పెట్టారు. సహజమైన అడవిని కొట్టి నీలగిరి, వెదురు తోటలు వేయడం దాని పని. 1979లో గోదావరి ఒడ్డున సారపాకలో కాగితం మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. ఇప్ప పువ్వు, చీపురు పుల్లలు, దుంపలు, తడికలకి వెదురు - ఇవి తెచ్చుకునే స్త్రీలకి ఆ తోటల్లో ఏమీ దొరకదు. నీలగిరి కింద గడ్డి కూడా సరిగా మొలవదు. తునికాకు 1971 చట్టంతో ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి వచ్చింది. ఎర్రటి ఎండలో యాభై ఆకులు ఒక కట్టగా కట్టే చేతులన్నీ దాదాపు స్త్రీలవీ పిల్లలవీ. ఆ కట్టకి రేటు పెరిగింది వెంగళరావు కాలంలో కాదు. తర్వాత పోరాటాల వల్ల పెరిగింది.

ఇదంతా పాత కథ కాదు. పోడు భూముల మీద 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఉండాలంటుంది, ఒంటరి స్త్రీ అయితే ఆమె పేరునే. తెలంగాణలో 2023 జూన్‌లో పెద్ద ఎత్తున పోడు పట్టాల పంపిణీ మొదలైంది. భర్త చనిపోయిన స్త్రీలు, భర్త వదిలేసిన స్త్రీలు, పెళ్లికాని అక్కచెల్లెళ్లు ఇందులో ఎక్కడున్నారని నేను తిరిగిన ఊళ్లల్లో అడిగాను. కోయ ఆచారంలోనూ భూమి కొడుకుల వైపే పోతుంది. 2025 జులైలో సుప్రీంకోర్టు, ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆచారం స్పష్టంగా అడ్డు చెప్పనప్పుడు గిరిజన స్త్రీకి వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు గురించి నేను మాట్లాడిన ఐ.టి.డి.ఏ. పరిధిలోని ఊళ్లల్లో ఒక్క స్త్రీ కూడా వినలేదు. 2005 తర్వాత సల్వాజుడుం భయంతో సరిహద్దు దాటి వచ్చి ఇక్కడి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ స్త్రీలకైతే ఇక్కడ గిరిజనులన్న గుర్తింపే లేదు, పట్టా మాట ఎత్తడానికే లేదు. వాళ్ల గుడిసెలు అటవీ శాఖ వాళ్లు కూల్చినప్పుడు, పోలీసు వాహనం చప్పుడు విన్నప్పుడు వాళ్లు చేసేదీ అవ్వ తరం చేసిందే. పిల్లల్ని తీసుకుని ఒక చోట చేరతారు.

జిల్లాలో సంస్థలు నడుపుతున్నవాళ్లకీ, ఈ పత్రిక సంపాదకవర్గానికీ నా ప్రతిపాదన ఇది. వచ్చే ఎండాకాలం, తునికాకు కోత అయిపోయాక, చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ఇల్లెందు, అశ్వాపురం మండలాల్లో డెబ్బై దాటిన స్త్రీల దగ్గరికి వెళ్దాం. ఒక్కో ఊరికి ఇద్దరు చొప్పున చాలు, వాళ్లలో ఒకరికి కోయ భాష వచ్చి ఉండాలి. మొదటి రోజు రికార్డరు తీయకూడదు. ఎన్‌కౌంటర్ల గురించి అడగకుండా నీళ్లు, గొడ్లు, క్యాంపు, పోడు, పురుళ్లు, పట్టా గురించి అడగాలి. వాళ్లు చెప్పింది వాళ్ల అనుమతితో, పేర్లు మార్చి, ముందు కోయలోనూ తర్వాత తెలుగులోనూ రాసుకోవాలి. దుమ్ముగూడెం వైపు రెండు ఊళ్లకి నేను వెళ్తాను. మిగిలిన చోట్లకి ఎవరు వెళ్లగలరో సంపాదకులకి రాయండి.